బురుజు మీద ఎర్ర పరుపు

మొన్న మా ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో ఉన్నది పరుపని మా కోడలు చెబితే నేను నమ్మలేదు, ఎందుకంటే ఆ పెట్టెలో కుట్టుమిషను పట్టడమే కష్టం. కోడలు కత్తెరతో పైనున్న ప్లాస్టిక్ కవరు కోసిందో లేదో, లోపల చుట్ట చుట్టుకుని పడున్నది బుస్సుమని గాలి పీల్చుకుని, మేం ముగ్గురం చూస్తుండగానే మంచమంతా పరుచుకుంది. దాంతోపాటు వచ్చిన కాగితం కోడలు పైకి చదివింది. ఎండలో వేయకూడదట, కర్రతో కొట్టకూడదట. మా ఆయన కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లతో దాన్నొకసారి నొక్కి చూసి, నా వంక తిరిగి, "ఎండ తగలగూడదంట. ఇక నీకు పనేముందే?" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. అప్పటికే మంచం మీంచి దింపేసిన మా పాత దూది పరుపు గోడకి చేరబడి ఉంది, వంగిన ముసలి మనిషిలాగా. దాన్ని పొద్దున మున్సిపాలిటీ బండిలో వేసేద్దామత్తయ్యా అంది కోడలు. మంచి పిల్లే, దాని తప్పేం లేదు. నేను నోరు మెదపలేదు. నేను నోరు మెదపకపోతే ఏమవుతుందో ఈ ఇంట్లో మా ఆయన ఒక్కరికే తెలుసు, ఆయన నవ్వు చప్పున ఆగిపోయింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది నరసరావుపేటలో దూది ఏకే ఇల్లు. సాయిబులమే గానీ ఇంట్లో ఉర్దూ ముక్క రాదు, తిట్టుకున్నా ముద్దు చేసుకున్నా తెలుగే. దూది ఏకే విల్లంటే మన ఈడువాళ్లకి వివరం అక్కర్లేదు. భుజానికి నిలువెత్తు విల్లు తగిలించుకుని, నారి టంయ్ టంయ్ మని మోగిస్తూ వీధి వెంట ఒక మనిషి పోతుంటే, ఇల్లాళ్లు మూలనున్న గడ్డకట్టిన పరుపులు గుర్తొచ్చి గడపలోకి వచ్చేవారు. అలా ఊళ్లు తిరిగి తిరిగి కాళ్లరిగాక మా నాయన ఇంటి పంచలోనే పని పెట్టుకున్నాడు. ఆ పంచలో రెండే శాసనాలు. మొదటిది, దూది ఉన్నచోట నిప్పు పేరెత్తకూడదు. మా పొయ్యి పెరటి చివర ఉండేది. బీడీ నోట్లో ఉంటే ఎంతటి మోతుబరైనా వీధిలో నిలబడే మాట్లాడాలి. నాకు అయిదారేళ్లప్పుడు ఆడుకుంటూ అగ్గిపెట్టె పట్టుకుని పంచలోకి వచ్చాను. నాయన నన్ను జన్మలో కొట్టింది ఆ ఒక్కసారే, ఆ దెబ్బ చెంప మీద ఇప్పటికీ గుర్తుంది. రెండో శాసనం, పరుపుకి నెలకోసారి ఎండ చూపించాలి. మనిషికి అన్నమెట్లాగో దూదికి ఎండ అట్లాగ అనేవాడు.

నా పెళ్లికి నాయన ఇచ్చిన సారెలో అన్నిటికన్నా పెద్దది పరుపు. గింజ ఒక్కటి తగలకుండా ఏరిన పత్తి, మూడు రోజులు ఎవరినీ ముట్టనీయకుండా తానొక్కడే ఏకాడు. పైన ఎర్రటి కొత్త గుడ్డ. కుట్లు మా అమ్మ వేసింది. దాని మీద కూర్చుంటే మనిషి దిగబడిపోయేవాడు కాదు, తేలేవాడు.

మా ఆయన డీజిల్ ఇంజన్ల మెకానిక్కు. పెళ్లి నాటికి సర్కారు కొలువు, కొలువేమో నాగార్జునకొండ మీద. అవును, మీరంతా చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళితే సాగర్ దగ్గర లాంచీ ఎక్కి, మ్యూజియం చూసి, పులిహోర పొట్లాలు తిని తిరిగొచ్చిన కొండే. చుట్టూ కృష్ణ నీళ్లు, నడుమ ఆ కొండ. కింద నీళ్ల దగ్గరున్న ఇంజను నడిపి, పైనున్న తొట్టికి నీళ్లెక్కించడం ఆయన పని. మీరు తాగిన నీళ్లు, అక్కడి పూలచెట్లు తాగిన నీళ్లు మా ఆయన తోడినవే. మీరు గంటన్నర చూసొచ్చిన చోట మేం ఎనభైల్లో మూడేళ్ల పైచిలుకు కాపురం చేశాం.

మాచర్ల మీదుగా బస్సులో సాగర్ చేరి, అక్కడ లాంచీ పైకప్పు మీద నా పరుపు కట్టించి, నేను కాపురానికి వెళ్లిన రోజు నీళ్లని చూసి లాంచీ కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. మేం పుట్టిన పల్నాట్లో నీళ్లంటే బావిలో కనబడేవి, లేకపోతే కాలవలో పారేవి. చూపు ఆనినంత మేర నీళ్లే ఉండటం నేనెరగను. దానికితోడు ఈ నీళ్ల అడుగున ఊళ్లున్నాయి, పొలాలున్నాయి అని లాంచీలో ఎవరో ముసలాయన వేలు చూపించి చెబుతుంటే, ఎవరి ఇంటి కప్పు మీద నుంచో పోతున్నట్టు కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. ఆ ముసలాయనది అందులో మునిగిన ఊరేనట. ఏడాదికోసారి వచ్చి లాంచీలోంచి తన ఊరున్న చోటికి దణ్ణం పెట్టుకుని పోతాడట.

పొద్దున మొదటి లాంచీతో కూరగాయలు, పాలు, ఉత్తరాలు, జనం వచ్చేవి. సాయంత్రం ఆఖరి లాంచీ కూతేసి కదలగానే కొండంతా మాదయ్యేది. మేమిద్దరం కాక రాత్రికి కొండ మీద ఉండేది ముసలి వాచ్‌మన్ ఒక్కడే. జనం వెళ్లాక మా ఆయన చొక్కాకి అంటిన డీజిల్ వాసన పోయేలా మెట్ల దగ్గర స్నానం చేసేవారు, నేను పైమెట్టు మీద కూర్చుని తువ్వాలు పట్టుకునేదాన్ని. ఆ తర్వాత కోటగోడ వెంట చెరో గుప్పెడు వేయించిన వేరుశనగకాయలు వొలుచుకుంటూ ఒక చుట్టు తిరిగేవాళ్లం. ఊళ్లో అయితే కొత్త జంట అలా పక్కపక్కన నడిస్తే అత్తలు, వదినలు నోళ్లు నొక్కుకునే రోజులు. అక్కడ చూసేవాళ్లెవరు? ఆషాఢం గాలికి చీర చెంగు ఎగిరి ఆయన మొహాన కొడుతుంటే, "కొండకు జెండా కావాలంటే నిన్ను నిలబెడితే సరిపోద్ది" అని ఏడిపించేవారు.

ఇంజను పనిలో నాకూ భాగం ఉండేది. ఆ ఇంజన్ని హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలి. తిప్పేటప్పుడు పైనున్న చిన్న పిడిని ఒకరు ఎత్తి పట్టుకోవాలి, వేగం అందుకోగానే టక్కున వదలాలి. ముందు వదిలితే ఇంజను తిరగదు, ఆలస్యమైతే తిప్పేవాడి ఆయాసమంతా వృథా. ఒక్కరే కూడా చేయొచ్చు, కానీ ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో పిడి పట్టుకోవాలి, అది ప్రమాదం. ఆ పిడి పని నాది. రోజూ పొద్దున్నే మెట్లు దిగి వెళ్లి పిడి ఎత్తి నిలబడేదాన్ని, ఆయన తిప్పుతూ నా మొహం చూసేవారు, నేను ఆయన భుజం చూసేదాన్ని, ఎప్పుడు వదలాలో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసేది. కాపురం అంటే ఇదే కాబోలు అనుకునేదాన్ని.

శుక్రవారం మ్యూజియానికి సెలవు, లాంచీ రాదు. ఊళ్లో సాయిబులందరూ కొత్త బట్టలేసుకుని మసీదుకి పోయే రోజున మేము నీళ్ల మధ్య ఇరుక్కునేవాళ్లం. మా ఆయన నీళ్ల పక్కన బల్లపరుపుగా ఉన్న ఒక రాయి చూసుకుని దాని మీద ఒంటరిగా నమాజు చేసుకునేవారు. అయితే శుక్రవారం ఏదైనా ఆపదొస్తే ఎలా? దానికొక ఏర్పాటుంది. కొండకి పడమటగా, నీళ్లకవతల అర మైలు దూరంలో, ఒడ్డున చేపలు పట్టేవాళ్ల గుడిసెలు ఆరేడు ఉండేవి. వాళ్లలో పెద్దాయన మా ఆయనకి మంచి స్నేహితం, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. పడమటి బురుజు మీద ఎర్రగుడ్డ కనపడితే వాళ్లు గుండ్రటి బుట్టలాంటి పడవ, పుట్టి, వేసుకుని వస్తారని ఒప్పందం. ఆ గుడ్డ కూడా బురుజు దగ్గర రాతిసందులో కర్రతో సహా పెట్టి ఉండేది. నేను కాపురానికి వచ్చిన వారంలోనే మా ఆయన నాకది చూపించారు. నేను తలూపాను. తలూపినంత మాత్రాన తలకెక్కినట్టా?

నెల తిరిగింది, పరుపుకి ఎండ చూపించాలి. మా క్వార్టరు ముందంతా చెట్ల నీడ. మిగతా రోజుల్లో ఎక్కడ పరిచినా జనం తిరుగుతుంటారు. కనక శుక్రవారమే పరుపు వారం. ఆ కొండ మొత్తం మీద పొద్దుటి నుంచి అసురసంధ్య వేళదాకా నీడ పడని చోటు ఒక్కటే, పడమటి బురుజు. దూది ఏకే ఇంటి ఆడపిల్లని, అంత పరుపునీ చుట్టి నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లి బురుజు మీద పరిచాను. పరిచి, కర్ర తీసుకుని దుమ్ము దులుపుతున్నాను. అరగంట దాటిందో లేదో, కింద నీళ్లలోంచి కేకలు. చూస్తే రెండు పుట్లు, నలుగురు మనుషులు, ఎదురుగాలికి తెడ్లు వేసి వేసి చొక్కాలు పిండేలా తడిసిపోయి ఉన్నారు. నీళ్లలో వేసిన వలలు అట్లాగే వదిలేసి వచ్చారట. మెట్లెక్కి పరుగెత్తుకుంటూ వచ్చిన బాబాయికి, చేతిలో కర్రతో నేను, నా వెనకాల ఎర్రగా మెరిసిపోతున్న పరుపు కనబడ్డాయి.

"ఏందమ్మాయ్, పరుపు ఎండేసుకోటానికా మమ్మల్ని పిలిచింది?" అని నడుం పట్టుకుని కూలబడ్డాడు. కూలబడి నవ్వాడు, మిగతావాళ్లూ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయి నలుగురికీ టీ పెట్టిచ్చాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

పై నెల నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. పరుపు మీద తెల్ల దుప్పటి కప్పాను. దుప్పటి కప్పితే ఎండ తగిలేదెట్లా అని కాసేపాగి సగం తీశాను, మిగతా సగం సంగతి గాలి చూసుకుంది. దుప్పటి ఎగిరి నీళ్లలో పడింది. మళ్లీ పుట్లు వచ్చాయి. ఈసారి బాబాయి నవ్వలేదు. ఆ రోజు వాళ్ల వలల్లో చేపలు నిండా పడి ఉన్నాయట, వదిలేసి వచ్చేసరికి గాలికి వల చినిగి అంతా పోయింది. "ఎర్రది కాదు, పచ్చది ఊపినా మేమింక రాం తల్లా" అని వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగాడు.

వాళ్లింకా దిగుతుండగానే, వాళ్లు వింటుండగానే, మా ఆయన నా మీద విరుచుకుపడ్డారు. "నీకు పరుపు కావాలా, మడుసులు కావాలా?" అన్నారు. న్యాయంగా ఆలోచిస్తే ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ నలుగురు మగాళ్ల ఎదుట అనడం నాకు కొట్టినట్టయింది. అదీ మా నాయన పరుపుని పట్టుకుని! ఇవాళ వెనక్కి చూస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది గానీ, ఇరవై ఏళ్ల వయసులో నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆయనతో మాటలు మానేశాను.

ఇద్దరే ఉన్న చోట ఒకరు మాట మానేయడమంటే ఏమిటో ఊళ్లో ఉన్నవాళ్లకి తెలియదు. ఊళ్లో అయితే పక్కింటావిడతో చెప్పించవచ్చు. అక్కడ నేను అన్నం గిన్నెతో మాట్లాడేదాన్ని, "ఉడికావుగా, తినేవాళ్లు తింటార్లే" అని. ఆయన గోడ మీది ఉడతతో, ఉప్పు తక్కువైందని చెప్పేవారు. సాయంత్రం కోటగోడ వెంట ఇద్దరం చెరోవైపు నుంచి చుట్టు తిరిగి, ఎదురుపడ్డప్పుడు నీళ్లలోకి చూసుకునేవాళ్లం. నవ్వొస్తోందా? నాకూ నవ్వు వచ్చేది, బిగబట్టుకునేదాన్ని. ఒక్కసారి ఆయన పిలిస్తే చాలు కరిగిపోదామని కూర్చున్నాను. నేను పలకరిస్తే చాలని ఆయనా కూర్చున్నారట, తర్వాత చెప్పారు. ఇంజను దగ్గరికి కూడా వెళ్లడం మానేశాను. పిడి పట్టుకోవడానికి ఆయన వాచ్‌మన్‌ని పిలుచుకునేవారు. బాబాయి దగ్గరికి వెళ్లి కొత్త గుర్తేదో మాట్లాడుకోవాలని ఆయనకి ఉంది, కానీ ముందు ఆ కోపం చల్లారనీ అని ఊరుకున్నారు.

అలా వారం గడిచి శుక్రవారం వచ్చింది. వాచ్‌మన్ ముందురోజు ఆఖరి లాంచీకి మాచర్లలో కూతురింటికి వెళ్లాడు. శనివారం జనం వచ్చేసరికి తొట్టి నిండాలి, కనక ఇంజను నడపాలి. పొద్దున ఆయన మెట్లు దిగే ముందు గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు. పిడి పట్టుకోవడానికి రమ్మంటారేమో, అంటే లేద్దామని బియ్యం ఏరుతూ చెవులు రిక్కించాను. ఆయన అనలేదు. నేను తలెత్తలేదు. ఆయన దిగిపోయారు.

ఇంజను అందుకున్న చప్పుడు వినబడింది. వెంటనే ఇంకేదో చప్పుడు, కేక, ఆ తర్వాత ఇంజను ఆగిపోయిన నిశ్శబ్దం. చేటలో బియ్యం ఎక్కడ పారేశానో తెలియదు. కింద ఆయన ఇంజను పక్కన కూర్చుని ఉన్నారు. ఒంటిచేత్తో తిప్పితే ఇంజను అందుకుందట గానీ హ్యాండిల్ ఊడి రాలేదట. తిరిగే హ్యాండిల్‌ని తప్పించుకోబోయి తూలి, ఆనుకోవడానికి చాపిన కుడిచెయ్యి బెల్టులో పడింది. ఎడమచేత్తో డీజిల్ కట్టేసింది ఆయనే. కుడిచేతి చివరి రెండు వేళ్లు వేళ్లలా లేవు. మణికట్టు దగ్గర నుంచి నెత్తురు ఊట బావిలా వస్తోంది.

కాళ్లూ చేతులూ ఆడలేదని అంటారు గాని, నాకు ఆడాయి. ఎందుకాడాయంటే నేను దూది ఇంట్లో పుట్టాను. పైకి పరుగెత్తి, కూరగాయల కత్తితో పరుపు కుట్లు తెంచి, రెండు చేతులా దూది పెరుక్కుని ఒళ్లో వేసుకుని కిందకొచ్చి, ఆ చేతి మీద దిమ్మెలా అదిమి, చెంగు చింపి బిగించాను. తెల్లటి దూది ఎర్రబడింది. ఇంకొంత పెట్టాను, అదీ ఎర్రబడింది. ఆయన పెదాలు పాలిపోతున్నాయి. నెత్తురు ఆగేట్టు లేదు. సాయంత్రం లాంచీ లేదు, రేపు పొద్దున దాకా లాంచీ లేదు.

బురుజు మీదికి ఎక్కి కర్రకి ఎర్రగుడ్డ కట్టి ఊపాను. అరిచాను. గాలి అటునుంచి ఇటు వీస్తోంది, నా అరుపు నా నోట్లోకే వచ్చింది. అవతలి ఒడ్డున గుడిసెలు, ఎండలో ఆరుతున్న వలలు, వాటి దగ్గర కూర్చుని కుట్టుకుంటున్న మనిషి ఒకడు కనబడుతున్నాడు. పరుపు చాలినంత పెద్దది కదా, అది కనబడుతుందని పరుపునే తెచ్చి బురుజు మీద వాల్చాను. ఆ మనిషి తలెత్తాడు. చూశాడు. మళ్లీ తలొంచుకుని వల కుట్టుకోసాగాడు.

అమ్మో, ఆ క్షణాన్ని ఎట్లా చెప్పను! వాడు చూశాడు. చూసి, అది పరుపేననుకున్నాడు. అనుకోడా మరి? నేనే నేర్పించాను కదా వాళ్లకి, ఎర్రది కనబడితే పరుపేనని.

ఇంజను దగ్గర డీజిల్ డబ్బా ఉంది, పొయ్యి దగ్గర అగ్గిపెట్టె ఉంది. రెండూ తెచ్చాను. పరుపు చీల్చి దూదంతా బయటికి లాగి డీజిల్ గుమ్మరించాను. మూడు రోజులు మా నాయన ఎవరినీ ముట్టనీయకుండా ఏకిన దూది. అగ్గిపుల్ల గీస్తే వెలిగింది, కానీ నా చెయ్యి ముందుకు పోదు. అయిదేళ్లప్పుడు తిన్న దెబ్బ ఆ చేతిని పట్టుకుని ఆపింది. పుల్ల వేళ్ల దాకా కాలింది. నాయనా, నన్ను మన్నించు అని పైకే అని, రెండోది గీసి వేశాను. భగ్గుమంది. నల్లటి పొగ బురుజు మీంచి నిలువుగా లేచి, గాలికి వంగి, కొండంతా కమ్మింది. ఆ పొగలో దగ్గుతూ, ఏడుస్తూ, అవతలి ఒడ్డు కనబడక, వాళ్లు బయల్దేరారో లేదో తెలియక కిందికి దిగి ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

వచ్చారు. ఆరు గుడిసెల్లో మగాళ్లంతా వచ్చారు. పుట్టిలో బాబాయి తెడ్డు వేస్తూనే ఏడ్చాడు. "చూశాం తల్లా. నీ పరుపేలే అనుకున్నాం. మా కళ్లు కాలిపోను" అన్నాడు. అవతలి ఒడ్డు నుంచి మిరపకాయల ట్రాక్టరొకటి దొరికితే అందులో సాగర్ ఆసుపత్రికి పోయాం. ట్రాక్టరు కుదుపుల మధ్య ఆయన కళ్లు తెరిచి, "ఏమే, ఇప్పుడన్నా మాట్లాడతావా?" అన్నారు. నేను మాట్లాడానా? ఆసుపత్రి వచ్చేదాకా ఆపకుండా మాట్లాడాను. ఏం మాట్లాడానో ఒక్క ముక్క గుర్తులేదు. ఆయన ప్రాణం నిలబడింది, చెయ్యి నిలబడింది, రెండు వేళ్లు మాత్రం పోయాయి. ఆ రెండు వేళ్లూ నా మౌనం తిన్న వేళ్లని నేను ఇప్పటికీ అంటాను, ఆయన ఒప్పుకోరు. తాను పిలవకపోవడం లేదా, చెరొక వేలు అంటారు.

నెలన్నరకి మళ్లీ కొండ చేరాక నాకు ఇంకో భయం పట్టుకుంది, నాయనకి ఏం చెప్పాలి? చాప మీద పడుకుంటున్నాం అని ఉత్తరం రాసి, దాని కింద జరిగింది రాసి పోస్టులో వేయించాను. జవాబు రాలేదు. ఓ పొద్దున మొదటి లాంచీలోంచి నాయనే దిగాడు. భుజాన విల్లు, వెనక రెండు గోతాల పత్తి. అదేం వాయిద్యమని లాంచీలో పిల్లలు అడుగుతున్నారు. వచ్చి తిన్నగా బురుజు దగ్గరికి వెళ్లి, రాతి మీద నల్లటి మరకని పాదంతో కాసేపు రుద్దాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని వెనకాల నిలబడ్డాను. "దూదికేముందే, చేలో కాస్తది. మనిషి కాయడు గదా" అన్నాడు. అంతే. ఇక ఆ సంగతి జన్మలో ఎత్తలేదు.

రెండు రోజులు కొండ మీదే ఏకాడు. ఆ రెండు రోజులూ అల్లుడి చేత ఇంజను ఆపించాడు, దూది ఉన్న కొండ మీద నిప్పురవ్వ కూడదని. నారి మోత నీళ్ల మీద సాగి అవతలి ఒడ్డు దాకా వినబడిందట. బాబాయి పుట్టి వేసుకుని వచ్చి పొద్దస్తమానం నాయన పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. నీలం గుడ్డో, తెల్ల గుడ్డో తేవాల్సింది నాయనా అని నేనంటే నాయన నా మాట వినిపించుకోలేదు. ఎర్రదే తెచ్చాడు, ఎర్రదే కుట్టాడు. నేనింక దీన్ని బురుజు మీద వెయ్యను, ఎక్కడో కాస్త ఎండ చూసుకుంటానని బాబాయితో అన్నాను. ఆయన తలడ్డంగా ఊపి, "అక్కడే వెయ్యి. పరుపేనని తెలిసినా వస్తాం" అన్నాడు.

వచ్చేవాడు. ఇది చెప్పాలనే ఇంత కథ. ఆ తర్వాత మేం కొండ మీద ఉన్నన్నాళ్లూ, నెలకో శుక్రవారం నేను బురుజు మీద పరుపు వేయడం, ఆ ఒడ్డు నుంచి పుట్టి కదలడం. బాబాయికి ఒంట్లో బాగాలేకపోతే ఇంకెవరినైనా పంపేవాడు. వచ్చి, నీళ్లలోంచే "పరుపేనా?" అని కేకేసేవాడు. పరుపే బాబాయ్ అని నేను కేకేసేదాన్ని. మెట్లెక్కి వచ్చి మా ఇద్దరినీ ఒకసారి తేరిపార చూసుకుని, టీ తాగి వెళ్లిపోయేవాడు. పరుపు వారం నేను మూడు గ్లాసుల టీ పెట్టడం అలవాటైంది.

మూడేళ్ల తర్వాత బదిలీ అయింది. లాంచీ ఎక్కిన రోజు బురుజు బోసిగా ఉంది. బాబాయి ఏమయ్యాడో, ఆ గుడిసెలున్నాయో లేదో తెలియదు. ఒకటి రెండు ఉత్తరాలు రాయించాం గానీ ఏ ఊరని రాస్తాం, అది ఊరు కాదు కదా. నాయన పోయి చానా ఏళ్లయింది. పరుపు ఆఖరుసారి ఏకించి పన్నెండేళ్లు, ఆ ఏకినతను ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

నిన్న శుక్రవారం. మున్సిపాలిటీ బండి పాట వినబడుతున్నా నేను కదల్లేదు, నోరూ మెదపలేదు. మా ఆయన మసీదు నుంచి వచ్చి, టోపీ అయినా తీయకుండా, గోడకి చేరబడ్డ పరుపుని మూడు వేళ్ల చేత్తో ఒక చివర పట్టుకుని, "పట్టవే రెండో చివర" అన్నారు. నలభై ఏళ్లలో ఆయన నేర్చుకున్నది అదొక్కటే, నేను మాట్లాడకపోతే ముందు తాను పిలవడం. మెట్టు మెట్టుకీ ఆగి రొప్పుతూ ఇద్దరం దాన్ని మేడ మీదికి చేర్చి పిట్టగోడ మీద వాల్చాం. చుట్టూ ఎటు చూసినా మేడలే, ట్యాంకులే, ఆరేసిన బట్టలే. ఎదురు మేడ మీద ఫోన్ చూసుకుంటున్న ఒకమ్మాయి తలెత్తి మా పరుపు వంక చూసి, మళ్లీ తలొంచుకుంది. దాని తప్పు కాదు. ఎర్రగుడ్డకి ఇక్కడ ఎవరితో ఏ ఒప్పందమూ లేదు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు, మధ్యలో చుక్క నీళ్లు లేవు. అయినా ఎవరికి ఏమైందో బతికి ఉన్నారో లేదో చూసిపోదామని తెడ్డు తీసుకునేవాళ్లు ఉండే కాలం మేం చూశామంటే, ఈ పిల్లలకి అదొక కట్టుకథలా ఉంటుంది.

కిందికి వెళ్లి టీ పెట్టి పైకి తెచ్చాక చూసుకుంటే పళ్లెంలో మూడు గ్లాసులున్నాయి. మా ఆయన వాటి వంక చూశారు. మూడో గ్లాసు తీసి పిట్టగోడ మీద, పరుపు పక్కన, పడమటి వైపుగా పెట్టారు. అది చల్లారిందాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.